అసలు బండి – నకలు బండి

వియత్నాము దక్షిణ ప్రాంతములలో మోటారుసైకిలుకు జనుల నోట నిలిచిన పేరు 'హోండా'. ఏ కంపెనీ చేసిన బండియైనను హోండాయే. మన ఇండ్లలో వనస్పతి ఏ డబ్బాలోనిదైనను డాల్డాగా చెలామణి యైనట్టిదే ఇదియును. 1960ల నడుమ నుండి సైగాను వీథులలో దిగిన చిన్న బండ్లు ఆ పేరును అచ్చట పాతుకొనజేసినవి. వ్యాపారనామము జాతివాచకమగుట కంపెనీకి గౌరవమే. కాని అన్నియు హోండాలే యైనపుడు అసలు హోండా ఏది యను ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు పుట్టును. అది 2000వ సంవత్సరమున పుట్టినది.

మొదట ఈ బండి సంగతి. 1958లో జపానులో వెలువడిన 'సూపర్ కబ్' దీనికి మూలపురుషుడు. కాలెత్తి దాటనక్కరలేని చట్రము, పడుకొనబెట్టినట్లుండు ఒంటి సిలిండరు ఇంజను, చేతి క్లచ్చి లేకయే మారెడు గేర్లు. ఒక చేత సరకు పట్టుకొనియు నడుపవచ్చును. 2017 నాటికి ఈ వంశపు బండ్లు పది కోట్లు తయారైనవి. వియత్నాములో 1996లో నెలకొన్న హోండా కంపెనీ మరుసటి సంవత్సరాంతమున 'సూపర్ డ్రీమ్' అను బండితో ఉత్పత్తి ప్రారంభించినది.

స్వదేశ పరిశ్రమ పెరుగవలెనని ప్రభుత్వము పూర్తిగా బిగించిన బండ్ల దిగుమతిని అడ్డుకొనెను. విడిభాగములపై సుంకము వేసి, దేశములో చేసిన భాగములు ఎక్కువగా వాడినవారికి ఆ సుంకమును తగ్గించెను. ఉద్దేశము మంచిదే. కాని గోడ లోపలనున్నవానికి పోటీ లేదు. సూపర్ డ్రీమ్ ధర రమారమి రెండు వేల అమెరికా డాలర్లు. ఆనాడు ఆ దేశపు తలసరి వార్షికాదాయము నాలుగు వందల డాలర్ల దరిదాపు. లైసెన్సుల కాలమున స్కూటరుకై పేరు వ్రాయించుకొని ఏండ్ల తరబడి వేచిన మన కుటుంబములకు ఈ గోడ ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక గోడకు ఆవల చైనా. 1980ల తొలినాళ్లలో హోండాయే అచ్చటి ప్రభుత్వ కర్మాగారములకు లైసెన్సుపై సాంకేతిక జ్ఞానము నిచ్చినది. 1990లలో ఆ నమూనాలు చేతులు మారి, చోంగ్‌చింగ్ నగరము చుట్టునున్న ప్రైవేటు కర్మాగారములకు ప్రాకెను. అచ్చటి పద్ధతి విచిత్రమైనది. ఒకడు కార్బురేటరు మాత్రమే చేయును, మరొకడు చట్రము మాత్రమే. కొలతలన్నియు అసలు బండి నుండి తీసినవే గనుక ఎవని భాగమైనను ఎవని బండికైనను అమరును. పరిశోధనకు ఖర్చు లేదు. భాగములు చేయువారిలో వారికే పోటీ. ధర దిగుచునే యుండును. 1997 నాటికి చైనా సంవత్సరమునకు కోటి మోటారుసైకిళ్లు చేయుచుండెను. పెక్కు చైనా నగరములు ఈ వాహనములపై ఆంక్షలు విధించుటతో సరకు పేరుకొనిపోయెను.

ఆ సరకు వియత్నాములోనికి బండ్లుగా రాలేదు, విడిభాగముల పెట్టెలుగా వచ్చెను. స్థానిక కంపెనీలు పదులకొలది వెలసి వానిని బిగించి అమ్మినవి. దేశీయ భాగముల శాతమును కాగితములపై పెంచి చూపి సుంకము తప్పించుకొన్న వారును కలరు. పరిశ్రమను కాపాడుటకు కట్టిన గోడకు పరిశ్రమ పేరుతోనే కన్నము పడినది. ధర ఐదు నుండి ఏడు వందల డాలర్లు. రూపము డ్రీమ్‌దే; కొన్నింటి మీద పేరు 'హోంగ్డా'! 1999లో సుమారు ఐదు లక్షలున్న దేశపు మొత్తము అమ్మకములు మరుసటి ఏట పదిహేను లక్షలను మించెను.

నకలు అసలుకు సాటి వచ్చునా? కొలత కాపీకి లొంగును. పండ్లచక్రమునకు ఎన్ని పండ్లున్నవో, పిస్టను వ్యాసమెంతయో పనిముట్టు పెట్టి చూచిన తెలియును. ఆ ఉక్కును ఎంత వేడికి కాల్చిరో, ఎట్లు చల్లార్చి పదను పట్టించిరో ఏ పనిముట్టును చెప్పదు. మన ఊరి కమ్మరి కూడ చూచి నేర్పరాదనునది ఈ పదనునే. అందుచేత నకలు బండ్లకు మన్నిక చాలదను పేరు త్వరలోనే వచ్చెను. అయినను వానిని కొన్న రైతును తప్పుపట్టుట న్యాయమని నాకు తోచదు. కూరలగంపను సైకిలుపై త్రొక్కుకొనిపోవువానికి ఎదురనున్నది అసలు బండియా నకలు బండియా అను ఎంపిక కాదు. నకలు బండియా, ఏ బండియు లేకుండుటయా అనునది.

హోండా ఏమి చేసినది? పేర్లమీద, రూపముమీద హక్కులకై పోరాడినది. దానితో ఆగలేదు. 2001లో చైనాలోని హైనాన్ ద్వీపమున తన బండ్లనే అనుకరించుచుండిన సన్‌డిరో అను కంపెనీతో ఉమ్మడి సంస్థను పెట్టి, చౌకగా భాగములు చేయించు విద్యను వారివద్దనే గ్రహించినది! 2002 జనవరిలో వియత్నాములో 'వేవ్ ఆల్ఫా' అను బండిని విడుదల చేసినది. చైనా నుండి తెచ్చిన చౌక భాగములు అందులో కలవు. వానిని పరీక్షించి ఏరినది మాత్రము హోండా. ధర కోటి పది లక్షల డాంగులకు ఇంచుక తక్కువ, అనగా ఏడు వందల డాలర్ల పైచిలుకు. కొంచెము వేసుకొన్నచో అసలు బండియే వచ్చునన్నపుడు నకలు కొనువారు తగ్గిరి.

ప్రభుత్వమును మేల్కొన్నది, కాని వింతగా మేల్కొన్నది. 2002 సెప్టెంబరులో ఆ సంవత్సరపు విడిభాగముల దిగుమతికి పదిహేను లక్షల బండ్లకు సరిపడు మేర హద్దు విధించెను. ఆ దెబ్బకు హోండా కర్మాగారమే కొంతకాలము ఆగిపోయెను. దొంగకై వేసిన తాళము ఇంటివానిని బయట నిలిపినది.

తరువాతి ఏండ్లలో చైనా నమూనాలు వెనుకబడి, బిగింపు కంపెనీలు పెక్కు మూతపడినవి. మార్కెట్టు మరల హోండా చేతికి వచ్చినది గాని, రెండు వేల డాలర్ల ధర మరల రాలేదు. వేవ్ ఆల్ఫా నేటికిని అచ్చట అమ్ముడగుచునే యున్నది.