సెల్ఫ్ నొక్కితే టక్ టక్ అంటోందా? కొత్త బ్యాటరీ కొనేముందు ఇవి చూడండి
పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపాలి, బండేమో స్టార్ట్ కాదు. చూసినవాళ్లంతా 'బ్యాటరీ పోయింది' అనేస్తారు. తొందరపడి డబ్బులు పెట్టకండి.

సెల్ఫ్ నొక్కితే అసలు చప్పుడే లేదా? ముందు కిల్ స్విచ్, సైడ్ స్టాండ్ చూడండి. మీటర్ లైటు కూడా వెలగకపోతే ఫ్యూజ్ కాలిందేమో చూసి, అంతే ఆంపియర్లది వేయండి. కొందరు రాగితీగ చుట్టేస్తారు. వైరింగ్ అంటుకునేది అలాగే.

టక్ టక్ అంటుంటే బ్యాటరీ టెర్మినళ్లు చూడాలి. చిలుము పట్టినా, బోల్టు వదులైనా కరెంటు సరిగా అందదు. తాళం ఆఫ్ చేసి ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ విప్పి, గరుకు కాగితంతో రుద్దండి. బిగించేటప్పుడు ముందు ప్లస్.

అయినా కాకపోతే మల్టీమీటర్ పెట్టించండి. ఫుల్ ఛార్జింగ్ ఉన్న 12 వోల్టుల బ్యాటరీ దాదాపు 12.6 చూపిస్తుంది. 12 కంటే తక్కువుంటే ముందు ఛార్జింగ్ పెట్టించండి. ఛార్జయ్యాక కూడా సెల్ఫ్ నొక్కగానే 9 లోపు పడిపోతే మార్చాల్సిందే. ఇంజిన్ నడుస్తూ కాస్త రేస్ ఇచ్చినప్పుడు 14 దగ్గర ఉండాలి. 13 కూడా దాటట్లేదంటే తప్పు రెగ్యులేటర్‌దో, స్టేటర్ కాయిల్‌దో కావచ్చు. అది బాగుచేయకుండా కొత్త బ్యాటరీ వేస్తే, అదీ కొద్దిరోజుల్లోనే దిగిపోతుంది.