మేస్త్రీ స్థానములో ఆఫీసరు

కె.కోటపాడు ప్రాంతమునుండి మన పిల్లలనేకులు పరవాడ, అచ్యుతాపురం కంపెనీలకు పనికి పోవుచున్నారు. అక్కడ పనిలో చేర్చుకొను పర్సనల్ ఆఫీసరనగా (ఇప్పుడు హెచ్.ఆర్. అందురు) తల్లిదండ్రులకు భయమని మేము గమనించితిమి. అతడెందుకున్నాడో తెలిసికొందము.

పూర్వము విశాఖ జిల్లా కూలీలను రంగూను తీసికొనిపోయినది మేస్త్రీలే. ముందుగా అడ్వాన్సు ఇచ్చి, తరువాత కూలిలో కోసికొనెడివారు. మిల్లులలో సైతము పని దొరకవలెనన్నను, నిలువవలెనన్నను మేస్త్రీ చేయి తడపవలసినదే. 1931లో విట్లీ అధ్యక్షుడుగానున్న రాయల్ కమిషన్, ఈ అధికారమును మేస్త్రీలనుండి తీసి లేబరు ఆఫీసరుకు అప్పగించుమనెను. 1948 ఫ్యాక్టరీల చట్టము 500 మంది కార్మికులున్నచోట వెల్ఫేర్ ఆఫీసరును తప్పనిసరి చేసెను. 2020లో చేసి, 2025 నవంబరులో అమలుకు తెచ్చిన కొత్త కోడ్ ఆ సంఖ్యను 250కి తగ్గించెను.

జీతమిచ్చునది యజమాని, వినవలసినది కార్మికుని మొర. చిక్కంతయు ఇక్కడే యున్నది. అతనికి చట్టము తెలియవలెను, కార్మికుల భాష రావలెను. ఒకడు చెప్పుకొన్న ఇంటి కష్టమును వేరొకరి చెవిని వేయరాదు. ఇక చేర్చుకొనుటకు సొమ్మడుగువాడా? ఎంత డిగ్రీ యున్నను వాడు పాత మేస్త్రీయే.

మీ పిల్లవాడు చేరిన దినముననే నియామక పత్రము, పి.ఎఫ్. నంబరు, వర్తించినచో ఇ.ఎస్.ఐ. కార్డు అడుగుమనండి. కసరుకొందురేమోనని వెనుదీయనక్కరలేదు, ఆ పత్రమిచ్చుట కొత్త కోడ్ ప్రకారము యజమాని బాధ్యత.