పోటు, సలుపు, మంట

రోగి లోలోపల అనుభవించి నోట చెప్పునది లక్షణము. వైద్యుడు చూచి, తాకి, విని పట్టుకొనునది చిహ్నము. జ్వరమును కొలుచుటకు ధర్మామీటరు కలదు, రక్తపు ఒత్తిడిని కొలుచుటకు వేరొక పరికరము కలదు. నొప్పిని కొలుచుటకు మాత్రము రోగి మాటను మించిన సాధనము నేటికిని లేదు. అట్టి మాటను ‘కడుపునొప్పి’ యని కుదించి కాగితమున వ్రాసికొను తొందర ఎంత అనర్థదాయకమో, వాడుకలో అపెండిసైటిస్ అనబడు ఉండుకపు వాపు చక్కగ తెలుపును.

ఈ వ్యాధిలో బాధ సాధారణముగ మొదట బొడ్డుచుట్టు, ఇదమిత్థమని చెప్పరాని తీపుగా పుట్టును. ఏలయన, ఉండుకమునుండి వచ్చు నాడులు వెన్నుపామును చేరు చోటికే బొడ్డు దగ్గరి చర్మపు నాడులును చేరుటచేత, మెదడు ఆ రెంటి జాడలను వేరుపరుపజాలదు. కొన్ని గంటలకు వాపు ముదిరి, పొట్టగోడను లోపలినుండి కప్పియున్న పొరను రేపినంతనే, ఆ పొరకు గల సునిశితమైన నాడుల వలన, అంతవరకు అరచేతితో పొట్టంతయు నిమిరిన రోగి, ఇప్పుడు కుడివైపు క్రిందిభాగమున ఒక్క వ్రేలు పెట్టి పోటును చూపగలడు. తీపు పోటై, చోటు మారుటయే ఇచ్చట సగము రోగనిర్ణయము.

గుండె రక్తనాళములు ఇరుకైనవారి సంగతి ఇంకను చిత్రమైనది. లండను వైద్యుడు విలియం హెబర్డెన్ 1768లో వర్ణించిన ఆంజైనా, నడకలో, అందును ఎత్తెక్కునపుడు, రొమ్మును అదిమి ఊపిరాడనీయక, నిలిచినంతనే తొలగిపోవును. ‘నొప్పి యున్నదా?’ యని యడిగినచో, ‘లేదండీ, బండ పెట్టినట్టుంది, గ్యాసేమో’ యని రోగి సత్యమే పలుకును. లోపము ప్రశ్నలో నున్నది. దేనివలన బాధ శమించునో విచారించుటను ఆయుర్వేదాచార్యుడగు మాధవకరుడు తన నిదానగ్రంథమున ఉపశయమని పేర్కొని, వ్యక్తలక్షణమగు రూపముతోపాటు రోగమును గుర్తించు పంచనిదానములలో చేర్చినాడు. ఆ విచారణయే ఇచ్చట అక్కరకు వచ్చును.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున రొనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రకటించిన ప్రశ్నావళి, బాధను తెలుపు 78 మాటలను 20 వర్గములుగ అమర్చి రోగిచే ఎన్నుకొనజేయును. మన పల్లెటూరి ముసలమ్మకు అట్టి పట్టికతో పనిలేదు. సలుపు, కుట్టు, గుంజు, తిమ్మిరి అన్నియు ఆమె నోటనే యున్నవి, అడిగి ఆగి వినువాడే కరవు.

చిరకాలపు మధుమేహముచే పాదముల నాడులు చెడినవాడు ‘అరికాళ్ళు మంటలండీ, సూదులు గుచ్చినట్టుంటుంది, రాత్రి దుప్పటి తగిలినా ఓర్వలేను’ అనును. ఇది కీళ్ళ సలుపు గాదు. సాధారణపు నొప్పిమాత్రలు దీనిని అంతగ తగ్గింపవు, మూర్ఛకును మానసికమైన క్రుంగుబాటునకును మొదట వాడిన మందులలో కొన్నియే మేలుచేయును. కేసుషీటులో ‘కాళ్ళనొప్పి’ యని మాత్రమే వ్రాసియున్నచో ఆ మందు అతనికి అందుట దుర్లభము.