నాటు పాటకు లోకమంతా ఎందుకు ఊగింది?

బిడ్డలూ, మన భివండీ పద్మనగర్‌లో ఇప్పటికీ తెగని వాదన ఒకటుంది. 2023 మార్చి 12న లాస్ ఏంజిలెస్‌లో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది కదా, అంత గొప్ప ఏముంది ఆ పాటలో? రాసిన చంద్రబోస్‌ది చల్లగరిగ, మన ఓరుగల్లు దిక్కే అని మురిసేవాళ్లు కొందరు. మనకైతే తెలుగు వచ్చు, ముక్క అర్థం కాని జపానువాళ్లకు ఏం నచ్చిందని అడిగేవాళ్లు ఇంకొందరు.

అడగాల్సిందే. జవాబు మన కార్ఖానాలోనే ఉంది. నాలుగు సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపేవాణ్ణి చూడండి. ఇటు తిరిగి తెగిన పోగు ముడేస్తుంటాడు. వెనక సాంచలో నాడె దెబ్బ కాస్త తప్పిందో, టక్కున తల తిప్పుతాడు. ఆ మోతలో పక్కనోడు అరిచినా వినబడదు గానీ ఆ తేడా మాత్రం పట్టేస్తాడు. ఎందుకంటే రాబోయే దెబ్బ ఎప్పుడు పడాలో మెదడు ముందే లెక్కగట్టి కూర్చుంటుంది.

ఈ లెక్క అనుభవంతో పదునెక్కుతుంది గానీ, పుట్టుకతోనే వస్తుంది. 2009లో హంగరీ శాస్త్రవేత్తలు రెండు మూడు రోజుల పసికందులకు నిద్రలో డ్రమ్ముల తాళం వినిపించారు. మొదటి దెబ్బ ఎగ్గొట్టినప్పుడల్లా ఆ పిల్లల మెదడు ఉలిక్కిపడ్డట్టు విద్యుత్ సంకేతాలు చూపించాయి. పైగా తాళం వింటుంటే మనం కదలకున్నా, కదలికలను నడిపే మెదడు భాగాలు పని మొదలుపెడతాయి. దీనికి భాషతో పనిలేదు. కీరవాణి ఈ పాటను 6/8 నడకలో కట్టారు, మన పల్లెపాటల్లో తరచూ వినబడే నడకే అది. దానికి ప్రేమ్ రక్షిత్ వేయించిన అడుగులు తోడయ్యాయి. నా మోకాళ్లు ఒప్పుకోవు గానీ, లేకుంటే నేనూ ఎగిరేవాణ్ణే.

మరి తాళమే చాలితే మన డప్పు పాటలన్నీ లోకమంతా మోగాలి కదా? ఇక్కడే అసలు తమాషా ఉంది. 2006లో అమెరికాలో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు ఓ ప్రయోగం చేశారు. పెద్దగా పేరు లేని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని 14 వేల మందికి పైగా జనానికి వినిపించారు. కొందరు ఎవరి ఇష్టం వాళ్లదిగా విన్నారు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది దించుకున్నారో కూడా చూపించారు. ఒక గుంపు నెత్తిన పెట్టుకున్న పాట ఇంకో గుంపులో మూలన పడింది! మరీ మంచి పాటలు మునిగిపోవడం అరుదు, మరీ నాసివి గెలవడమూ అరుదు. మిగతా వాటి రాత గుంపు చేతిలోనే ఉంది.

అందుకే నా లెక్కలో ఆ ఆస్కార్ సగం పాట కట్టినవాళ్లది, సగం అమెరికా థియేటర్లలో ఆ పాటకు లేచి గంతులేసిన జనానిది. కాదంటారా? మీకు బొత్తిగా రాని భాషలో ఓ పాటను ఇంట్లో ఒంటరిగా వినండి, మర్నాడు పదిమందిలో పెట్టండి. ఎవరి కాలు ఎప్పుడు కదిలిందో వచ్చి చెప్పండి.