వ్యాయామ శిక్షకునికి అర్ధశక్తి సూత్రం

ఇళ్లకు వెళ్లి ఒక్కొక్కరికి విడిగా వ్యాయామం నేర్పడం నేడు పట్టణాలలో ఒక జీవనోపాధి అయినది. ఈ వృత్తి చేపట్టిన మా వీధి యువకుడొకడు గడచిన వేసవిలో కలవరపడుతూ నా వద్దకు వచ్చాడు. అతని మొదటి శిష్యుడు యాభై దాటిన ఉద్యోగి, మధుమేహ రోగి. ఉదయం మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా బస్కీలు తీస్తూ చేతులు వణికి కూలబడ్డాడట. చక్కెర నీళ్లు తాగించిన పిమ్మట తేరుకున్నాడు.

"నా పని ఇక పోయినట్లేనా తాతగారూ?"

"మాత్రల సంగతి ముందు అడిగావా?" అన్నాను. తల దించుకున్నాడు.

బలవంతుడైనా శీతకాలంలో, వసంతంలో అర్ధశక్తితోనే వ్యాయామం చేయాలనీ, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలనీ వాగ్భటుని అష్టాంగహృదయం విధించింది. శ్వాస నోటికి రావడం అర్ధశక్తికి గుర్తు అని సుశ్రుతుడు. నుదుట, ముక్కున, చంకలలో చెమట, నోరెండడం కూడా గుర్తులే. మా గురువుగారు మేము దండీలు తీస్తుంటే లెక్క పెట్టేవారు కారు. మా ముఖాలు చూసేవారు. ఈ వృత్తిలో నేర్వవలసిన విద్య అదే. ఛాతీలో నొప్పి అంటే మాత్రం వెంటనే ఆపించి ఆసుపత్రికి చేర్చవలసినదే. పొడుల డబ్బాలు అమ్మి కమీషను పుచ్చుకోవడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడతడు వయస్సు, వ్యాధులు, మందులు, ఆహారం, నిద్ర అడిగి పుస్తకంలో వ్రాసుకున్న తరువాతనే పాఠం ఆరంభిస్తున్నాడు. ఆ ఉద్యోగి తన డాక్టరు చీటీతో మళ్లీ అతనినే పిలిపించుకున్నాడు. డాక్టరు చెప్పిన వేళకు, నడకతో మొదలుపెట్టారు.