బిగిస్తే పోదు.. కోన్‌సెట్టు మార్చాల్సిందే!
పాత మోటారు సైకిళ్ల హ్యాండిల్ జబ్బుకు ఇంటి దగ్గరే వైద్యం

తెల్లవారకముందే పాల క్యాన్లు కట్టుకుని కేంద్రానికి బయలుదేరే బండి. తర్వాత ఇద్దరు పిల్లల్ని బడి దగ్గర దించే బండి. మధ్యాహ్నం ఎరువుల బస్తాతో పొలానికి వెళ్లే బండి. పల్లెల్లో చాలా ఇళ్లలో ఈ మూడూ ఒకటే బండి. కొని పదిహేను, ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది. ఇంజను బాగానే ఉంటుంది. కిక్కు కొడితే పలుకుతుంది. హ్యాండిలే మాట వినదు. నిదానంగా వెళ్లేటప్పుడు బండి తిన్నగా పోకుండా కాస్త ఎడమకీ, కాస్త కుడికీ తూలుతుంది. గుంటలో పడితే ముందువైపు ‘టక్’మంటుంది.

‘పాత బండి కదా, అంతే’ అని సర్దుకుపోయేవారే ఎక్కువ. మరికొందరు దారిలో కనిపించిన షెడ్డు దగ్గర ఆపి పైనట్టు బిగించుకుని వెళ్లిపోతారు. రెండు రోజులు శబ్దం ఉండదు. కానీ బండి మరింత మొండికేస్తుంది. కంకర మీద, కాలువగట్టు మీద హ్యాండిల్ తిప్పాల్సిన క్షణంలో తిరగదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ఇంజను చెడితే బండి రోడ్డు పక్కన ఆగుతుంది. హ్యాండిల్ పట్టేస్తే మనిషినే పడేస్తుంది.

జబ్బు ఎక్కడుంది?

బండి ఫ్రేము ముందుభాగంలో నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. హ్యాండిల్‌నీ, ఫోర్కునీ కలిపే ఇరుసు ఆ గొట్టంలోంచే వెళుతుంది. గొట్టం పైన ఒకటి, కింద ఒకటి ఉక్కు గిన్నెలుంటాయి. వాటిమీద కోన్లు కూర్చుంటాయి. గిన్నెకీ కోనుకీ మధ్య ఇనుప గోళీలు. సైకిల్ హ్యాండిల్ విప్పి చూసినవారికి ఇది కొత్తేమీ కాదు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ వంటి బండ్లలోనూ ఉన్నది ఈ ఏర్పాటే. దుకాణంలో దీన్నే కోన్‌సెట్టు అంటారు.

బండి నూటికి తొంభై పాళ్లు తిన్నగానే పోతుంది. కాబట్టి గోళీలు ఎప్పుడూ ఒకేచోట ఉంటాయి. గుంటలో పడ్డ ప్రతిసారీ దెబ్బ ఆ చోటే తగులుతుంది. కొన్నాళ్లకు గ్రీజు పక్కకు జరిగిపోతుంది. గోళీ కింద ఉక్కు మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. సున్నపురాయి లారీలు తిరిగే పిడుగురాళ్ల, దాచేపల్లి వంటి చోట్ల గతుకులకు దుమ్ము కూడా తోడవుతుంది. సర్వీసింగులో పైపుతో నీళ్లు గట్టిగా కొట్టినా అవి లోపలికి చేరి తుప్పు పట్టిస్తాయి.

రెండు చక్రాల బండి నిలబడేదే హ్యాండిల్ చిన్నచిన్న కదలికల మీద. నడిపేవారికి తెలియకుండానే చేతులు క్షణక్షణం ఇటూ అటూ సర్దుతుంటాయి. గోళీలు గుంటల్లో ఇరుక్కుంటే ఆ సర్దుబాటు ఆగిపోతుంది. అందుకే బండి తూలుతుంది. పైనట్టు బిగిస్తే గోళీలు ఆ గుంటల్లోనే ఇంకా గట్టిగా కూర్చుంటాయి. గోళీలు మాత్రమే మార్చినా అంతే. గుంటలు పడ్డ గిన్నె గుంటల గిన్నెగానే ఉంటుంది.

ముందు పరీక్ష

బండిని చదునైన నేలమీద మధ్యస్టాండు వేయాలి. ఇంజను కింద చెక్కదిమ్మ పెట్టి ముందుచక్రం గాలిలోకి లేపాలి. సైలెన్సరు వంపు కింద దిమ్మ పెట్టకూడదు. హ్యాండిల్‌ని రెండు వేళ్లతో ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పాలి. సరిగ్గా మధ్యలో ‘టిక్’మని ఆగితే గుంటలు పడ్డట్టే. అక్కడక్కడా పట్టినట్టుంటే మాత్రం ఏదైనా కేబుల్, వైరు లాగుతున్నదేమో ముందు చూసుకోవాలి.

తర్వాత ఫోర్కు కిందిభాగం రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాలి. రెండో మనిషి కింది కోను, ఫ్రేము కలిసేచోట వేలు పెట్టి చూడాలి. వేలికి కదలిక తగిలితే తప్పు ఇక్కడే. అక్కడ కదలకుండా కిందెక్కడో ఊగితే ఫోర్కులోనే అరుగుదల ఉన్నట్టు. అప్పుడు కోన్‌సెట్టు మార్చినా లాభం లేదు.

విప్పే పని

కోన్‌సెట్టు కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. బండి పేరు, మోడలు చెప్పి సరిపోయేదే తీసుకోవాలి. స్పానర్లు, సుత్తి, గట్టి ఉలి, రెండడుగుల ఇనుప చువ్వ, గ్రీజు డబ్బా, కిరోసిన్ లేదా డీజిల్, పాత తెల్లగుడ్డ ఉంటే చాలు. గాళ్లు పెట్టిన గుండ్రటి నట్టు విప్పడానికి కొక్కెంలాంటి స్పానరు దొరికితే మంచిది. కొత్తవారికి ఒక పగలంతా పడుతుంది. మర్నాడు పొద్దున్నే బండి అవసరం లేని రోజు చూసి మొదలుపెట్టాలి.

ముందు బ్యాటరీ వైరు తీయాలి. హ్యాండిల్ క్లాంపులు విప్పి, కేబుళ్లతో సహా హ్యాండిల్‌ని ట్యాంకు మీద పరిచిన గుడ్డమీద ఆనించాలి. హెడ్‌లైటు బరువు వైర్ల మీద పడకుండా తాడుతో కట్టాలి. తర్వాత ముందుచక్రం, మడ్‌గార్డు, ఫోర్కులు. పైబోల్టు తీసేటప్పుడు ముఖం పక్కకు ఉంచాలి. కొన్ని బండ్లలో దానికింద స్ప్రింగు నొక్కిపెట్టి ఉంటుంది. తీసిన ఫోర్కులను నిలువుగానే ఉంచాలి. లేకపోతే నూనె కారిపోతుంది.

అడుగున తెల్లగుడ్డ పరిచి, ఒక చేత్తో ఇరుసును కిందనుంచి పట్టుకుని పైనట్టు విప్పాలి. ఇరుసు దిగగానే గోళీలు రాలతాయి. పైవి ఎన్ని, కిందివి ఎన్ని అన్నది లెక్కపెట్టి విడివిడిగా ఉంచాలి.

పాత గిన్నెలను గొట్టం అవతలి చివరి నుంచి చువ్వపెట్టి కొట్టాలి. ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు. ఒకేవైపు కొడితే గిన్నె వాలిపోయి గొట్టాన్ని గీరుతుంది. ఇరుసు అడుగున ఉన్న కోను గట్టిగా ఉంటుంది. దాని కింద చుట్టూ ఉలితో కొద్దికొద్దిగా లేపాలి. కంట్లో ఉక్కుముక్క పడకుండా కళ్లద్దాలు పెట్టుకోవాలి.

కొత్తవి కూర్చోబెట్టాలి

గొట్టం లోపల డీజిల్‌తో కడిగి పొడిగా తుడవాలి. కొత్త గిన్నెలను కవరులో చుట్టి కాసేపు ఐసులో ఉంచితే ఉక్కు కాస్త ముడుచుకుని తేలిగ్గా దిగుతుంది. గోళీలు తిరిగే నునుపు భాగం మీద సుత్తి దెబ్బ ఒక్కటి పడినా కొత్త గిన్నె పాడైనట్టే. అందుకే పాత గిన్నెను తిరగేసి కొత్తదాని అంచుమీద పెట్టి, దానిమీద చెక్క ఉంచి కొట్టాలి. గిన్నె పూర్తిగా కూర్చున్నప్పుడు చప్పుడు మారుతుంది. అప్పటిదాకా బొద్దుగా వచ్చిన శబ్దం గట్టిగా ‘ఠంగు’మంటుంది. గిన్నె చుట్టూ కాగితం దూరేంత సందు కూడా ఉండకూడదు.

గిన్నెలో గ్రీజు దండిగా పెట్టి గోళీలను అందులో అద్దాలి. సందు లేకుండా కుక్కకూడదు. ఒక గోళీ పట్టేంత ఖాళీ ఉంటేనే అవి దొర్లుతాయి. పాత గోళీలు, కొత్త గోళీలు కలపకూడదు.

అసలు కిటుకు ఇక్కడే

ఇరుసు ఎక్కించి, గుండ్రటి నట్టును ముందు కాస్త గట్టిగానే బిగించాలి. హ్యాండిల్ వైపు అయిదారుసార్లు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పాలి. గోళీలు తమ చోట్లలో కుదురుకుంటాయి. అప్పుడు నట్టు వదులు చేసి, మళ్లీ ఊగుడు పోయేంతవరకే బిగించాలి. ఫోర్కులు, చక్రం, హ్యాండిల్ ఎక్కించాక పరీక్ష ఒకటే. చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ని మధ్యనుంచి కొంచెం తోసి వదిలితే తన బరువుకి తానే పక్కకు వాలాలి. ముందుకూ వెనక్కూ మాత్రం కదలకూడదు. పైన పెద్దనట్టు బిగించాక లోపలి బిగుతు మారుతుంది. కాబట్టి ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

చక్రం ఎక్కించేటప్పుడు బ్రేకుప్లేటు మీది గాడి ఫోర్కు మీది పలకలో కూర్చుందో లేదో చూడాలి. అది తప్పితే బ్రేకు వేయగానే ప్లేటు తిరిగి చక్రం పట్టేస్తుంది. ఇంజను స్టార్టు చేసి హ్యాండిల్ రెండు చివరలకూ తిప్పాలి. ఇంజను వేగం తానే పెరిగితే ఆక్సిలేటరు కేబుల్ ఎక్కడో లాగుతున్నట్టు. బ్రేకు నాలుగుసార్లు పట్టి చూశాకే రోడ్డెక్కాలి.

ఎవరు చేయకూడదు?

ఎక్కడైనా గుద్దుకుని ఫోర్కు వంగిన బండి, ఫ్రేము గొట్టం దగ్గర పగులున్న బండి ఇంటి పనికి లొంగవు. గొట్టంలో కొత్త గిన్నె చేత్తోనే తిరుగుతుంటే గొట్టమే అరిగినట్టు. రేకుముక్క పెట్టి సరిచేయడం, వెల్డింగు చుక్క వేయడం ప్రాణంతో చెలగాటమే. వీటిని అనుభవమున్న మెకానిక్‌కే అప్పజెప్పాలి. ముందు డిస్కుబ్రేకు ఉన్న బండిలో బ్రేకు భాగాన్ని దాని పైపుకు వేలాడనివ్వకూడదు.

పని అయిన వారానికి ఒకసారి మళ్లీ చక్రం లేపి చూడాలి. కొత్త గిన్నెలు సర్దుకుని కొంచెం వదులైతే అప్పుడు బిగించడం తప్పు కాదు. ఆ తర్వాత ఏడాదికోసారి, వానలు మొదలయ్యేలోపు, విప్పించి గ్రీజు పెట్టించాలి. నీళ్ల పైపు హ్యాండిల్ కిందికి తిప్పవద్దని సర్వీసింగు కుర్రాడికి ముందే చెప్పాలి.