చిన్న పిల్లలకు సంగీతము నేర్పు విధము

పిల్లలు మాటలాడక ముందే విందురు. అక్షరములు దిద్దక ముందే మాటలాడుదురు. మాతృభాష యీ క్రమముననే యలవడుచున్నది. కాని సంగీతము కడకు వచ్చునప్పటికి మన మీ క్రమమును దలక్రిందులు చేసి, స్వరముల పేర్లను ముందుగా వల్లె వేయించుచున్నాము. మొదట విని, వాయించి, పిదప గుర్తులు నేర్చుటయే ప్రాథమిక తరగతులకు దగిన మార్గమని మా యభిప్రాయము.

ఈ మార్గమును జర్మనీ దేశమున కార్ల్ ఓర్ఫ్ అను సంగీతకర్త చక్కగా నిరూపించెను. ఆయన 1924వ సంవత్సరమున మ్యూనిక్ నగరములో డొరొథీ గుంథర్ అను నామెతో గలిసి యొక పాఠశాలను స్థాపించెను. అందు సంగీతము, నృత్యము, అంగసాధనము కలిపి నేర్పబడుచుండెను. 1948వ సంవత్సరమున ఆయనయు, సహకారిణియగు గునిల్డ్ కేట్‌మాన్‌యు బవేరియా రేడియోలో బాలుర కొఱకు సంగీత పాఠములు ప్రారంభించిరి. 1950 మొదలు 1954 వఱకు అవి యైదు సంపుటములుగా వెలువడెను.

వీరి పద్ధతిలో ముఖ్యమైనది కొయ్యపలకల వాద్యము. దాని పలకలు మన శంకరాభరణ స్వరములకు సరిపోవును, వానిని ఊడదీయవచ్చును. ఉపాధ్యాయుడు మ, ని పలకలను దీసివేసినచో స రి గ ప ధ మాత్రమే మిగులును. ఇవి మన మోహన రాగ స్వరములే. వీనిలో ఏ రెండు కలిసి మ్రోగినను జెవికి గఱకుగా నుండదు. కావున తప్పు వాయింతునను భయము బాలునకు లేదు.

లయకు మాటలే యాధారము. మన ఛందస్సు నెఱిగినవారి కిది వింత కాదు. "సీత" యన్నచో గురువును లఘువును. "కమల" యన్నచో మూడు లఘువులు. రెండింటికిని మాత్రలు మూడే. తరగతిలో సగముమంది "సీత" యనుచు రెండు మారులును, తక్కినవారు "కమల" యనుచు మూడు మారులును జేతులు చఱచినచో, కాల మొక్కటియైనను నడక వేఱగుట పిల్లలకు దెలియును.

వెల గల వాద్యములు లేవని విచారింప నక్కఱలేదు. నాలుగు గాజు గ్లాసులలో నీరు హెచ్చుతగ్గులుగా బోసి చిన్న పుల్లతో మీటినచో, నీరు హెచ్చిన గ్లాసు మంద్రముగా బలుకును. ఒకడు మూడు దెబ్బలు వాయింపగా, మఱియొకడు కనులు మూసికొని విని, వానినే తిరిగి వాయింపవలెను. విననివాడు బదులు వాయింపజాలడు. వినుట యిచట సగము పాఠము.

మా లోపము నొకదానిని ఒప్పుకొనవలసి యున్నది. కొన్ని వత్సరముల క్రిందట బృందగానమునకు సిద్ధపఱచుచు, శ్రుతి కలియని యొక బాలునితో "నీవు నోరు మాత్రము కదలింపుము" అంటిమి. వాడట్లే చేసెను. మఱుసటి యేట వాని చేతికి దాళములిచ్చితిమి. వాడు లయ తప్పలేదు. కొన్ని నెలలకు, ఇతరుల కంఠములను విని తన కంఠమును సరిచేసికొనుచు, మెల్లగా బాడనారంభించెను. వానికి గొఱతపడినది చెవి కాదు, వినుటకు దగిన యవకాశము.

కావున తలిదండ్రులకు మా మనవి యిది. పిల్లలు ఇంట చెంబులు, పళ్లెములు మ్రోగించునప్పుడు వెంటనే కసరకుడు. ఒక్క నిమిషము ఆలకించి, వారు వాయించినదానినే మీరును వాయించి చూపుడు. "నీకు గొంతు లేదు" అని మాత్రము ఎన్నడు ననకుడు.